అట్టి పేరు గలవారు ఈ గ్రామమున లేరు

మొన్న యూనివర్సిటీలోని మా శాఖలో పాత బల్లలూ బీరువాలూ ఖాళీ చేస్తుంటే, నేను ఈ భూమ్మీద లేనని ధ్రువీకరించే కాగితం ఒకటి బయటపడింది. పట్టుకొచ్చినవాడు మా సీనియర్ అసిస్టెంటు రసూల్. గోధుమరంగు సర్కారు కవరు. మూలలు ఎలుకలు రుచి చూసి వదిలేశాయి గాని, అంటించిన జిగురు ఎక్కడా ఊడలేదు. అంటే ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని విప్పలేదన్నమాట. మీద టైపు అక్షరాల్లో నా పేరు హేమలత, దాని కింద మా నాయన పేరు, మా ఊరు, రాప్తాడు మీదుగా అని దారి. ఆ చిరునామాకు అడ్డంగా, ఎర్రసిరాతో, తపాలా మనిషి వంకర దస్తూరీలో ఒక వాక్యం: అట్టి పేరు గలవారు ఈ గ్రామమున లేరు.

"ఇది మీ పేరే గదా మేడం. మీరు లేరని రాసినారే!" అన్నాడు రసూల్, నన్నూ కవరునూ మార్చి మార్చి చూస్తూ.

"సరిగ్గానే రాసినారు లేప్పా. అప్పటికి నేనింకా లేను," అన్నాను. ఇంకో మూడు వారాల్లో నా పదవీ విరమణ. ఆ తర్వాత ఈ శాఖాధిపతి గది తలుపు మీద కూడా నా పేరు ఉండదు. లేకపోవడానికీ లేకుండా పోవడానికీ మధ్య నడిచిన ఉద్యోగం నాది.

కవరును వెంటనే విప్పలేదు. దాని కథ చెప్పేముందు ఆ పొద్దున జరిగిన సంగతి చెప్పాలి. పామిడి దగ్గరి పల్లె నుంచి శిరీష అనే అమ్మాయి వచ్చింది. మా దగ్గరే ప్రభుత్వ పరిపాలన శాస్త్రంలో ఎం.ఏ. చదివింది. పిహెచ్.డి. ప్రవేశ పరీక్ష రాసి మంచి మార్కులతో గట్టెక్కింది. ఇంటర్వ్యూకు వస్తున్నట్టు ఆ రోజే పదకొండు గంటల్లోపు ఫోనులో ఒప్పుకోలు తెలపాలని ఒక పొద్దున అందరికీ సందేశం పంపారు. ఈ అమ్మాయి తెలపలేదు. పదకొండు దాటగానే కంప్యూటరు తలుపు మూసేసింది.

"ఇంట్లో ఒకటే ఫోను మేడం. ముందు దినం మాపున వాన పడింది. తెల్లారకముందే నాయన ఇత్తనానికి పోయినాడు. ఫోను ఆయన జోబిలో పోయింది. మళ్ళీ నా చేతికొచ్చేతలికి పొద్దు మునిగింది," అంది.

నేను ముప్పై ఏళ్ళుగా పరిపాలన పాఠాలు చెబుతున్నదాన్ని. అందుకని అలాంటివాళ్ళు ఏం చెబుతారో అదే చెప్పాను. "సందేశం అందినట్టు రికార్డులో ఉంది తల్లీ. సిస్టం ఒప్పుకోదు." ఆ మాట అనేటప్పుడు నా గొంతు కాస్త లావైనట్టు కూడా నాకే వినిపించింది. ఆమె ఏడవలేదు. "ఒప్పుకోనిది సిస్టమా, మీరా మేడం?" అని మర్యాదగానే అడిగింది. ఇంటర్వ్యూలు మరునాడే. మూడు గంటలకు రమ్మన్నాను. ఆమె ఎక్కడికీ పోలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత అరగంటకు రసూల్ ఈ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

మా నాయన తలారి. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. ఊరికి సర్కారు ఆయన, సర్కారుకు ఊరు ఆయన. తాలూకా కచేరీ నుంచి వచ్చిన ప్రతి హుకుమూ ఆయన కాళ్ళ మీదే మా ఊరికి నడిచొచ్చేది. తర్వాత్తర్వాత ఆ కొలువుకు గౌరవంగా వేరే పేర్లు పెట్టారు. పేరు పొడుగైంది గాని, నడక ఏం తగ్గలేదు. భుజం మీద అడ్డంగా తోలుపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, చేతిలో తనకంటే ఒక జానెడు ఎత్తున్న కర్ర. ఇంటికి రాగానే ముందు బిళ్ళను చింతపండుతో తోమి, తర్వాత తాను కాళ్ళు కడుక్కునేవాడు. బిళ్ళకు దొరికిన స్నానం నాకు దొరకలేదని మా అమ్మతో తగాదా పడేదాన్ని నేను.

మా ఇంట్లో పొయ్యి చెనిక్కాయ పొట్టుతో, అంటే వేరుశనగ పొట్టుతో మండేది. ఆ పొగ వాసన ఒక రకమైన వేయించిన వాసన, తినడానికి ఏమీ లేని పూట కూడా ఏదో వండుతున్నారనే భ్రమ కలిగించేది. పొయ్యికి ఎడమవైపు గోడలో ఒక గూడు. దీపం పెట్టాల్సిన ఆ గూట్లో నాయన నోటీసులు పెట్టేవాడు. సంగటి తినేముందు గోడకు ఆనుకుని కూర్చుని, ఆ రోజు కచేరీలో ఇచ్చిన కాగితాలను నా చేత చదివించుకుని మూడు దొంతర్లుగా వేసేవాడు. మొదటిది అందేవి. రెండోది ఆగేవి. మూడోది అందనివి. పురుడు వచ్చిన ఇంటికి వెళ్ళాల్సిన నోటీసు రెండో దొంతరలోకి పోయేది. చావు జరిగిన ఇంటిది కూడా అంతే, దినం అయ్యేదాకా ఆగేది. ఇక వాన పడిందంటే, మొదటి దొంతర మొత్తం మూడో దొంతరలోకి మారిపోయేది.

ఎందుకో మా సీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, మిగతావాళ్ళ కోసం చెబుతాను. మా ఎర్రనేలల్లో వాన పడ్డాక విత్తనానికి సరిపోయే తడి మూడు రోజులుంటుంది, మహా అయితే నాలుగు. దాన్నే పదును అంటారు, వాన ఎంత పడిందో కొలిచేది కూడా ఆ మాటతోనే. ఆ పదునులో విత్తినవాడికే ఆ యేడు పంట. ఆ తర్వాత మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే ఏ గట్టు తగాదా మీదో, ఏ కుంట ఆక్రమణ మీదో విచారణకు హాజరు కావాలని కచేరీ నుంచి కాగితం వస్తుంది. రైతు విత్తే గొర్రు వదిలి కచేరీ మెట్ల మీద కూర్చుంటే ఆ యేడంతా అక్కడే కూర్చున్నట్టు. అందుకని నాయన ఆ కాగితాలన్నిటి వెనక ఒకే మాట నా చేత రాయించేవాడు: ఊళ్ళో లేరు.

"అబద్ధం గదా నాయనా?" అని అడిగాను ఒకసారి. అప్పుడు నేను ఆరో ఏడో చదువుతున్నాను.

"అబద్ధమెట్లయితాది పాపా? ఊర్లో యాడుండారు? అందరూ చేన్లో ఉండారు."

ఆయనకు ఒక్క విషయంలో మాత్రం భయం ఉండేది. మనిషి ఎదురుగా ఉండి కాగితం తీసుకోనంటే, ఆ కాగితాన్ని తలుపుకు అంటించి, ఇద్దరు సాక్షుల చేత చేవ్రాలు పెట్టించాలి. ఇద్దరూ పెట్టారా, ఇక ఆ మనిషి తప్పించుకోలేడు. అందుకని ఊరంతటికీ చెప్పిపెట్టాడు: సర్కారు కవరు కనపడితే తీసుకోనని అనొద్దు, అట్లాంటి మనిషే లేడని చెప్పండి. మా ఊరి ఆడవాళ్ళకు ఈ పాఠం ఎంత బాగా వంటబట్టిందంటే, గోధుమరంగు కవరు చూస్తే చాలు, పక్కన కూర్చున్న మొగుణ్ణి కూడా గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఈ విద్యలో మా అవ్వది మొదటి ర్యాంకు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను ప్రభుత్వ పరిపాలన చదవడానికి అనంతపురం వచ్చాను. నిజానికి తెలుగు సాహిత్యం చదవాలనుకున్నాను. ఆ వరుస పొడుగ్గా ఉంది, ఈ వరుసలో నలుగురే ఉన్నారు. నిలబడే ఓపిక లేక శాస్త్రవేత్తనయ్యాను. చేరాక మాత్రం వదలలేదు. మా పుస్తకంలో పరిపాలన అంటే ఒక గోపురం బొమ్మ. శిఖరం మీద ఒకడు, వాడి కింద ఇద్దరు, వాళ్ళ కింద నలుగురు. ఆజ్ఞ పైనుంచి కిందికి జారుతుంది, జవాబు కిందినుంచి పైకి పాకుతుంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ బొమ్మలు వేసుకుంటూ చదివేదాన్ని. అవ్వ విత్తనం కాయలు ఒలుస్తూ పక్కన కూర్చునేది.

"ఏంటికే పొద్దస్తమానం ఇన్ని గోపురాలు గీస్తాండావు? మీ నాయన యాడుండాడు దీంట్లో?"

వెతికాను. అట్టడుగు గీత మీద గుమస్తా ఉన్నాడు. నాయన ఆ గీతకు కూడా కింద, పేజీ నంబరు ఉన్నచోట ఎక్కడో ఉండాలి.

"ఇంగ గోపురం దేనిమీద నిలబడిందంట?" అంది అవ్వ, కాయను చిట్లిస్తూ.

ప్రణాళిక వేయడం దగ్గర్నుంచి లెక్కలు చూడడం దాకా పరిపాలకుడు చేసే పనులు ఏడని చదివి వినిపిస్తే ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఆ ఏడూ మీ నాయన ఒక పూటలో చేసేస్తాడు. ఎనిమిదోది మీ పుస్తకం వాళ్ళకు తెల్దు. నడిచేది." నేను నవ్వి, పేజీ తిప్పేశాను. పరీక్షలో నడక మీద ప్రశ్న రాదు కదా.

పిహెచ్.డి. ప్రవేశ పరీక్ష మొదటిసారి పోయింది. తెలియక పోలేదు, తెలిసి పోయింది. అధికార శ్రేణి మీద రెండు పేజీలు రాయమంటే నాకు తెలిసినదంతా పద్నాలుగు పేజీలు రాశాను. మిగిలిన నాలుగు ప్రశ్నలకూ కలిపి పావుగంట మిగిలింది. మా శాఖాధిపతి జనార్దనం సారు నా జవాబు పత్రం గురించి తరగతిలో పేరు చెప్పకుండా ఒక మాట అన్నారు. "బావి తవ్వమంటే చెరువు తవ్వినవాళ్ళున్నారు. రెండింట్లోనూ నీళ్ళు లేవు." సారు గడియారం లాంటి మనిషి. గంట కొట్టిన మరుక్షణం తరగతి తలుపు మూసేవారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా, ఆ తర్వాత వచ్చినది ఎవరైనా, వరండాలోంచి కిటికీ చువ్వలు పట్టుకుని పాఠం వినాల్సిందే. నియమం ఒకరి కోసం వంగితే అందరి మీదా విరుగుతుందనేవారు. నేను రాప్తాడు నుంచి బస్సులో వచ్చిన రోజుల్లో చాలా పాఠాలు ఆ చువ్వల్లోంచే నేర్చుకున్నాను. నా చదువులో గాలి వెలుతురు ఎక్కువ.

రెండో యేడు పట్టుబట్టాను. హాస్టలు వార్డెన్ను బతిమాలి ఇంటర్వ్యూలు అయ్యేదాకా గది ఉంచుకోనిచ్చేలా ఒప్పించాను. పొద్దున లేవగానే పళ్ళు తోముకునే ముందే ఒక జవాబు రాయాలని నియమం పెట్టుకున్నాను. రెండు పేజీలు, ఒక్క గీత ఎక్కువ కాకూడదు. ఎదురుగా అలారం గడియారం. రాసిందాన్ని మధ్యాహ్నం ఎర్రసిరాతో నేనే కొట్టేసి, సాయంత్రం మళ్ళీ రాసేదాన్ని. ఊరినుంచి తెచ్చుకున్న ఊరిమిండి, అదే మా చెనిగ్గింజల కారం, రొట్టెలో చుట్టి పఠన మందిరం మెట్ల మీద తినేదాన్ని. నా నోట్సు పుస్తకాలన్నిటికీ ఇప్పటికీ ఆ వెల్లుల్లి వాసన ఉంది. విజ్ఞానం ఘాటుగా ఉండాలంటారు కదా, అంతకంటే ఘాటు ఏముంటుంది. ఈసారి పరీక్షలో అడిగినంతే రాశాను, పాసయ్యాను. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. సారు దగ్గర ఆ యేడు ఉన్నది ఒకటే ఖాళీ. అది పోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు. గది ఖాళీ చేసి ఊరికి పోవాల్సిందే. ఇంటర్వ్యూ తేదీ తపాలాలో తెలియపరుస్తామన్నారు. దరఖాస్తులో శాశ్వత చిరునామా అనే గడిలో మా ఊరి పేరు ఎంతో గర్వంగా, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాను. ఊరు శాశ్వతమే. అక్కడ నేనున్నానని ఒప్పుకునే మనిషి ఉండాలన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పిలుపు కోసం హాస్టల్లో నేను ఎదురుచూస్తున్నప్పుడే మా ఊళ్ళో వాన పడింది. మరునాడు ఊరంతా చేలల్లో ఉంది. ఇంట్లో అవ్వ ఒక్కతే. రోజూ వచ్చే తపాలా మనిషి సెలవు పెట్టాడట, బదులుగా కొత్తవాడు సైకిలు మీద వచ్చాడు. ఆ తర్వాత అవ్వ నాకు ఈ కథ వంద సార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ తాను గెలిచినట్టే మొదలుపెట్టేది.

"హేమలత అంటే ఎవరవ్వా? సంతకం పెట్టాల," అన్నాడు కొత్తవాడు, గోధుమరంగు కవరు చూపించి.

అవ్వ కవరును చూసింది. దాని మీది ముద్రను చూసింది. వాన పడిన మరునాడు వచ్చిన సర్కారు కాగితం. ఇంకేం ఆలోచించాలి? "అట్లాంటి మనిషే లేదు నాయనా ఈ ఊర్లో," అంది.

"తలారి నల్లప్ప కూతురని రాసుండాది."

"నల్లప్ప కూతురు ఎర్రక్క. హేమలతా లేదు గీమలతా లేదు. ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో."

అతడు మజ్జిగ తాగి, అరుగు మీద కూర్చుని, ఎర్రసిరాతో ఆ వాక్యం రాసుకుని వెళ్ళిపోయాడు. అవ్వ చెప్పింది నిజమే. ఆ ఇంట్లో నన్ను ఎర్రక్క అనే పిలిచేవారు. హేమలత బళ్ళో అయ్యవారు పెట్టిన పేరు. అది రికార్డుల్లో బతికేది, ఇంటికి వచ్చేది కాదు.

మాకు సొంత ఎద్దుల్లేవు. ఊరందరి విత్తనం అయ్యాక నాలుగో రోజున మా వంతుకు ఎద్దులు దొరికేవి, అంటే పదును ఆరిపోయే ముందు చివరి పొద్దు. ఆ నాలుగో రోజు నాయన గొర్రు తోలుతున్నాడు, అమ్మ వెనక విత్తనం వేస్తోంది. సగం చేను అయ్యింది. దారిన పోతున్న ఆ కొత్త తపాలా మనిషి గట్టు మీద సైకిలు ఆపాడు.

"అన్నా, మీ ఊర్లో హేమలత అనే మనిషి లేదంట గదా. అనంతపురం యూనివర్సిటీ కాగితం, ఎనక్కి పంపించినా. మూడు దినాలాయె."

నాయన గొర్రు వదిలేశాడు. పదునులో ఏ రైతునూ చేలోంచి కదలనివ్వకుండా ఇరవై ఏళ్ళు అడ్డం నిలబడిన మనిషి, తన చేను సగంలో వదిలి, మట్టికాళ్ళతో రోడ్డుకు పరిగెత్తాడు. ఇంటికి పోయి తోలుపట్టీ, కర్ర మాత్రం తీసుకున్నాడు. అవి లేకపోతే పట్నంలో లోపలికి రానివ్వరని ఆయన నమ్మకం.

నేను పఠన మందిరంలో ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. కర్ర నేలకు తాటించిన చప్పుడు, ఆ వెంటనే మా ఊరి రచ్చ దగ్గర వినిపించే గొంతు, ఏ పదం మీద ఎంత నొక్కాలో తెలిసిన గొంతు:

"తలారి నల్లప్ప కూతురు హేమలత! ఈడ హాజరుగా ఉండాదా?"

అందరూ తలలెత్తారు. ఆయన నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. లేచి నిలబడి, ఎందుకో తెలియదు, "ఉండాను నాయనా," అన్నాను. జీవితంలో ఎన్నో హాజరుపట్టీల్లో పలికాను గాని, అంత నిజంగా ఎప్పుడూ పలకలేదు.

కవరు సంగతి ఆయన చెప్పగానే శాఖకు పరిగెత్తాం. లోపల ఇంటర్వ్యూలు ముగిసి, సారూ, బయటినుంచి వచ్చిన ఒక విశ్రాంత రెవెన్యూ అధికారీ టీ తాగుతున్నారు. ఆఫీసు గదిలో అప్పటి పెద్ద గుమస్తా నా కవరు తీసి బల్ల మీద పెట్టి, ఎర్ర వాక్యం మీద వేలు పెట్టాడు.

"చూడమ్మా, రికార్డు ప్రకారం నువ్వు లేవు."

"ఎదురుగా నిలబడినాను గదా సార్!"

"నిలబడితే? కాగితం మీద లేవు. కవరు తీసుకోలేదంటే నీకు ఇష్టం లేనట్టు. అట్లా రాసుకున్నాం, అయిపోయింది."

నాయన ముందుకు వచ్చాడు. ఆయన గొంతు మా ఇంట్లో ఉండేటంత మెత్తగా ఉంది.

"సార్, తీసుకోలేదని యాడ రాసుండాది? లేరని రాసుండాది. ఈ రెండూ ఒకటి గాదు. తీసుకోలేదంటే ఇద్దరు సాక్షులు చేవ్రాలు పెట్టాల. యాడుండాయి సార్ చేవ్రాళ్ళు?"

"ఎవరయ్యా నువ్వు?"

"తలారిని సార్. కాగితాలు అందించేదే నా పని." కాస్త ఆగి, "అందించనిది కూడా," అన్నాడు.

ఈ గొడవకు సారు బయటికి వచ్చారు. నన్ను చూశారు, నాయన కాళ్ళ మీది ఆరిన ఎర్రమట్టిని చూశారు, బల్ల మీది కవరును చూశారు. గుమస్తా ఫిర్యాదు అంతా విన్నారు. చివర్లో గుమస్తా, "విప్పి చూద్దాం సార్, దీంట్లో అన్నీ రాసే ఉన్నాయి," అంటూ కవరు అంచు పట్టుకున్నాడు.

"అయ్యా," అన్నాడు నాయన, సారు వైపు చూస్తూ. "విప్పని కాగితంలో ఏముండాదో మా పాపకు తెలీదు, నాకు తెలీదు. విప్పితే ఇంగ అందరికీ తెలుస్తాది."

సారు ఆయన వైపు ఒక్క క్షణం చూశారు. గుమస్తా చేతిలోంచి కవరు తీసుకున్నారు. లోపలికి పోయి తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేసిన చప్పుడు నాకు వినిపించింది. తిరిగి వచ్చి, "కవరు అమ్మాయికి అందలేదు. అంతవరకు నిజం. లోపలికి రామ్మా," అన్నారు. అప్పుడు నాకు అందులో ఏ విశేషమూ కనపడలేదు. నా భయం నాది.

ఇంటర్వ్యూలో నేను సిద్ధం చేసుకున్న అంశం చాలా బరువైనది. అభివృద్ధి పరిపాలనలో సమన్వయ సమస్యలో ఏదో. ఆ పేరు చెబుతుంటేనే ఆయాసం వచ్చేది. రెవెన్యూ అధికారి దాన్ని అసలు అడగలేదు.

"మీ కవరు ఎందుకు తిరిగొచ్చిందమ్మా? మీ నాయనే తలారి అయినప్పుడు?"

తపాలా మనిషి పొరపాటు అనేస్తే సరిపోయేది. అతని మీద నెట్టడానికి మనసు రాలేదు, మజ్జిగ కూడా తాగి పోయాడు కదా. అవ్వ లేదని చెప్పిందన్నాను. వాన పడిన మరునాడు సర్కారు కవరు వస్తే మా ఊళ్ళో ఎవరూ ఉండరని చెప్పాను. పదును గురించి చెప్పాను, కచేరీ మెట్ల గురించి చెప్పాను. పుస్తకంలో ఆజ్ఞ పైనుంచి కిందికి జారుతుందని ఉంటుంది గాని, చివరి అడుగు జారదు, ఒక మనిషి నడవాలి, ఆ మనిషి ఎప్పుడు నడవాలో తానే తేల్చుకుంటాడు అని చెప్పాను. చెబుతుండగానే నాకే తెలియని విషయం నాకు తెలిసొస్తున్నట్టు అనిపించింది.

"బాగుంది. మీ అవ్వకు ఇది నేర్పిందెవరు?" అన్నాడు ఆయన.

కిటికీ అవతల వరండాలో నాయన కర్ర కొస కనపడుతోంది. ఒక్క మాట జారితే ఆయన కొలువు పోతుంది. చెప్పకపోతే నా సీటు పోతుంది. సారు పెన్ను మూత పెట్టుకుంటూ నన్ను చూశారు.

"ఆ నేర్పిన మనిషి కోసం అడిగితే, ఊళ్ళో లేరని చెబుతుంది సార్ మా అవ్వ," అన్నాను.

ముందు సారు నవ్వారు. రెవెన్యూ అధికారి కాసేపు నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించాడు. "నేను ఈ జిల్లాలో పనిచేసినన్నాళ్ళూ వాన పడిందంటే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యేవి. నేనూ అనుకునేవాణ్ణి, ఇంత జనం యాడికి పోతారప్పా అని," అన్నాడు. "ఎన్నడూ అడగలేదు లే ఎవర్నీ." ఆ తర్వాత, నేను సిద్ధం చేసుకున్న అంశాన్ని కొట్టేసి, నోటీసు నడిచే దారి మీద పరిశోధన చేయమన్నారు ఇద్దరూ.

మేము ఊరు చేరేసరికి పదును ఆరిపోయింది. ఎద్దులు వేరేవాళ్ళ చేనికి పోయాయి. ఆ యేడు మా చేనులో సగం చెనిక్కాయ, సగం గడ్డి. అమ్మ చాలా రోజులు నాయనతో మాట్లాడలేదు. నాయన మాత్రం గట్టు మీద నిలబడి ఆ గడ్డి సగాన్ని చూపించి, దాన్ని కూడా తానే విత్తినట్టు, "అది మా పాప చదువు," అనేవాడు. నా పరిశోధనలో మొదట మాట్లాడిన మనిషి ఆయనే. గ్రంథం అచ్చయి వచ్చాక తిరగేయించి, తన పేరు ఎక్కడుందని అడిగాడు. పేర్లు రాయకూడదు, తలారి ఒకటి, తలారి రెండు అని రాశానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "నువ్వు ఊళ్ళో లేవు నాయనా," అంటే అప్పుడు నవ్వాడు. ఇప్పుడు ఆయన నిజంగానే ఊళ్ళో లేడు. అవ్వ, జనార్దనం సారు, ఆ ఇద్దరూ కూడా.

కవరు విప్పాను. స్కేలుతో అంచు జాగ్రత్తగా కోశాను. మడతలు విరిగిపోయేంత ఎండిన ఒక్క కాగితం. ఇంటర్వ్యూ తేదీ, స్థలం, తేవాల్సిన సర్టిఫికెట్లు. అట్టడుగున, విడిగా, కింద గీత గీసిన ఒక వాక్యం: ఉదయం పదకొండు గంటలలోపు హాజరు కాని అభ్యర్థులు ఎట్టి పరిస్థితులలోనూ పరిగణింపబడరు. దాని కింద జనార్దనం సారు సంతకం. నేను ఆయన గదిలో అడుగుపెట్టేసరికి గోడ గడియారంలో మూడు కావస్తోంది. ఆ వాక్యం రాసినది ఆయనే, సంతకం పెట్టినది ఆయనే. కవరులో ఏముందో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినది ఆయనకే. ఒక్క నిమిషం ఆలస్యానికి తలుపు వేసిన మనిషి, నాలుగు గంటల ఆలస్యాన్ని సొరుగులో వేసి తాళం పెట్టారు. మట్టికాళ్ళ తలారి చెప్పిన ఒక్క మాటతో ఆ కాగితాన్ని మూడో దొంతరలోకి మార్చేశారు. నాలుగేళ్ళు ఆయన దగ్గర పరిశోధన చేశాను, ఆ తర్వాత ఆయన పక్క గదిలో ఉద్యోగం చేశాను, ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను నా మెరిట్టు మీద లోపలికి వచ్చాననుకుంటూ ఇన్నేళ్ళు తల ఎత్తుకుని తిరిగాను.

అప్పుడు కాగితం నడిచేది కాబట్టి దారిలో ఎక్కడో ఆగే వీలుండేది. ఒక అవ్వ, ఒక మజ్జిగ చెంబు, ఒక గోడ గూడు అడ్డం వచ్చేవి. ఇప్పుడు సందేశం నడవదు, పుట్టినచోటే చేరిపోతుంది. మనిషి చేలో ఉన్నా, మనిషి ఫోను దగ్గర లేకపోయినా, చేరినట్టు దానికదే రాసుకుంటుంది. ఎవరూ ఊళ్ళో లేరని చెప్పడానికి వీల్లేని ఊరు తయారు చేసుకున్నాం. నా పాఠాల్లో దీన్నే పారదర్శకత అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. అది చెడ్డదని అనలేను. నాయన మూడో దొంతరలో ఎవరికో అందాల్సిన మంచి కాగితాలు కూడా కొన్ని ఆగిపోయే ఉంటాయి, నాది ఆగిపోలేదా? కాని ఆగినదాన్ని మళ్ళీ అందించడానికి పరిగెత్తే మనిషి ఒకడు ఉండేవాడు. సిస్టంలో ఆ పోస్టు పెట్టడం మరిచిపోయాం.

మూడు కొట్టకముందే శిరీషను పిలిచాను. ఆమె పొద్దున ఇచ్చిన అర్జీ ముందు పెట్టుకున్నాను. శాఖాధిపతికి ఇప్పుడు మిగిలిన అధికారం ఒకటే, సిఫారసు రాయడం. ఆ ఒక్కటీ వాడుకోవడానికి మూడు వారాలే ఉంది. అర్జీ అంచున నా చేత్తో రాశాను: సందేశము వచ్చిన సమయమున ఈ అభ్యర్థిని ఇంట ఫోను లేదు. సందేశము ఈమెకు అందలేదు. రేపటి ఇంటర్వ్యూకు అనుమతించవలెను. చిన్నప్పుడు నాయన చెబుతుంటే రాసిన భాషే వచ్చింది. సంతకం పెట్టి, దాని పక్కన ఒక ఖాళీ వదిలి, కాగితాన్ని రసూల్ వైపు తిప్పాను.

"మేడం, సిస్టంలో అందినట్టుండాది. రేపు పైనుంచి అడిగితే ఇది నిలబడతాదా?"

"సిస్టంకు సాక్షులుండారా రసూల్? దీనికి ఇద్దరం ఉండాము. ఒక చేవ్రాలు పడింది. రెండోది నీది."

రసూల్‌కు ఇంకా పదేళ్ళ సర్వీసుంది. కవరు మీది ఎర్రసిరా వాక్యాన్ని ఇంకోసారి చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పకుండా చేత్తో పట్టుకుని, శిరీష వైపు తిరిగాడు.

"సాక్షి అబద్ధం రాయగూడదమ్మా. నిజం చెప్పు. ఆ దినం మీ ఊర్లో వాన పడిందా?"

"పడింది సార్. రెండు పదునులు."

రసూల్ పెన్ను మూత విప్పాడు.